‘పడ్తది’ అంటే సరిపోయినట్టేనా? కారు రిమ్ములు, టైర్ల కొలతల లెక్క

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, వనస్థలిపురం ఆటోనగర్‌లోనో టైర్ల షాపు ముందు పావుగంట నిలబడితే ఈ మాటలు తప్పకుండా వినిపిస్తాయి. “అన్నా, ఈ రిమ్ము మన బండికి పడ్తదా?” “పడ్తది, ఏం పరేషాన్ కాకు.” నట్లన్నీ ఎక్కి, జాకీ మీద లేచి ఉన్న చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా తగలకుండా తిరిగితే, ఆ భాషలో రిమ్ము పడినట్టే. షాపతని మాటలో మోసమేమీ లేదు. అడిగిందానికే జవాబు చెప్పాడు. అయితే జాకీ మీదున్న ఖాళీ కారుకు పడిన చక్రం, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామానుతో శ్రీశైలం ఘాట్ దిగే కారుకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కంటిచూపుతో తేలదు, కొలతలతో తేలాలి.

కొలతలనగానే బెదిరిపోనక్కర్లేదు. ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. పైగా ఆ లెక్కల్లో సగం కారు కంపెనీయే చేసి పెట్టి ఉంటుంది.

మారుతి స్విఫ్ట్ సంగతే చూడండి. 2018లో వచ్చిన తరంలో కింది మోడళ్లకు 165/80 ఆర్14 టైర్లు, పై మోడళ్లకు 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మధ్యలో ఉన్న ‘ఆర్’ రేడియల్‌కు గుర్తు. తికమక అంతా రెండో అంకెతోనే. 65 అంటే 65 మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో 65 శాతం. సైడ్‌వాల్, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే టైరు పక్క గోడ, ఎత్తు అంత అన్నమాట. 185లో 65 శాతం 120.25 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి కలిపితే 240.5. పదిహేను అంగుళాల రిమ్ము 381. మొత్తం చక్రం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. ఇదే లెక్క కింది మోడల్‌కు వేస్తే 355.6కు 264 కలిపి 619.6 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! చూడటానికి ఒకటి బక్కగా, ఇంకొకటి దిట్టంగా కనిపించినా, రోడ్డు మీద దొర్లేటప్పుడు రెండూ ఒకే ఎత్తు చక్రాలు.

బలెనో దగ్గరా ఇదే పద్ధతి. కింది మోడళ్లకు 185/65 ఆర్15, పై మోడళ్లకు 195/55 ఆర్16. రెండోదాని ఎత్తు 620.9 మిల్లీమీటర్లు. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, రబ్బరు అంత తగ్గింది, బయటి కొలత ఉన్నచోటే ఉంది. ఇంకో మెట్టు ఎక్కి 205/45 ఆర్17 వేస్తే 616.3 వస్తుంది. అంటే రిమ్ము పెద్దదవడానికీ చక్రం పెద్దదవడానికీ సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క తలకెక్కితే టైర్ల షాపులో సగం అయోమయం తీరిపోతుంది.

బయటి కొలతను కంపెనీలు ఇంత జాగ్రత్తగా ఎందుకు కాపాడతాయి? కారుకు తన వేగం నేరుగా తెలియదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒక్కో చుట్టుకు ఇంత దూరం అని గుణించుకుంటుంది. స్పీడోమీటరు, కిలోమీటర్ల రీడింగు, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఆటోమేటిక్ గేరు మారే సమయం అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. చక్రం ఎత్తు మారితే ఆ గుణకం తప్పుతుంది, కానీ కారుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

నగరంలో దీనికి తరచూ కనిపించే ఉదాహరణ స్పీడ్ బ్రేకర్ల బాధితులది. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మెల మీద కారు పొట్ట రాసుకుంటోందని, పదిహేను అంగుళాల రిమ్ము మీదే 205/65 టైర్లు వేయిస్తారు. చక్రం ఎత్తు 647.5 అవుతుంది. పాతదానికంటే 26 మిల్లీమీటర్లు ఎక్కువ. కారు మాత్రం పైకి లేచేది అందులో సగమే, 13 మిల్లీమీటర్లు. మిగతా సగం ఇరుసుకు పైన, మడ్‌గార్డు వైపు పెరుగుతుంది. వేలెడంత కూడా లేని ఆ ఎత్తు కోసం చక్రం చుట్టుకొలత 4.2 శాతం పెరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద గరిష్ఠ వేగ పరిమితి 120 కిలోమీటర్లు. స్పీడోమీటరు చూపించే 120 దగ్గర ఈ కారు, పాత టైర్లతో పోలిస్తే, అయిదు కిలోమీటర్లు అదనంగా పోతుంటుంది. కంపెనీలు స్పీడోమీటరును అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా సెట్ చేస్తాయి కాబట్టి కొంత కప్పుకుపోతుంది. కానీ ఆ వెసులుబాటు మొత్తం టైరే తినేస్తుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లలో కొందరికి నిజంగా పడిపోయింది అంతా పెట్రోలు కాదు, మీటరు. అసలు పదివేల కిలోమీటర్లు తిరిగితే మీటరు 9,600 మాత్రమే చూపుతుంది. లీటరుకు 20 వచ్చే కారు 19.2 ఇస్తున్నట్టు కనిపిస్తుంది. అయితే బరువైన, వెడల్పు టైరు దొర్లడానికి ఎక్కువ శక్తి తీసుకోవడమూ నిజమే. మొదటి గేరులో లాగుడు మందగించడమూ నిజమే. అసలు నష్టం, మీటరు భ్రమ కలిసిపోయి ఏది ఎంతో తెలియకుండా పోతుంది.

ఎంత తేడా వరకు ఫరవాలేదు? మూడు శాతం దాటకూడదన్నది టైర్ల వ్యాపారంలో వాడుకలో ఉన్న హద్దు. అది హద్దే గానీ లక్ష్యం కాదు. చిన్న కార్లలో మడ్‌గార్డు కింద ఖాళీయే తక్కువ. ఒకటిన్నర శాతంలోపు ఉంచుకుంటే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకునే గోల సాధారణంగా ఉండదు. 185/65 ఆర్15 స్థానంలో 195/60 ఆర్15 వేస్తే ఒక శాతం తగ్గుతుంది, 205/60 ఆర్15 వేస్తే ఒక శాతంలోపే పెరుగుతుంది. 195/65 ఆర్15 మాత్రం రెండు శాతం పైకి పోతుంది. షాపులో ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి, ఒకే గొంతుతో “పడ్తది” అనిపించుకుంటాయి.

రబ్బరు తగ్గితే దెబ్బ ఎవరికి?

బయటి కొలత సరిపోయిందంటే అన్నీ సరిపోయినట్టు కాదు. 165/80 ఆర్14లో సైడ్‌వాల్ ఎత్తు 132 మిల్లీమీటర్లు. పదిహేను అంగుళాలకు వెళ్తే 120, పదహారుకు 107, పదిహేడుకు 92. చక్రం ఎత్తు అలాగే ఉండగా, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న పరుపు నాలుగు సెంటీమీటర్లు పలచబడింది. పల్చటి సైడ్‌వాల్ మలుపుల్లో తక్కువ ఒరుగుతుంది, స్టీరింగు చెప్పిన మాట చటుక్కున వింటుంది. ఇది ఉత్త ప్రచారం కాదు, నడిపితే తెలుస్తుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ హాయి బాగానే ఉంటుంది. దిగాక ఏం చేయాలన్నదే సమస్య.

ఆగస్టులో ఒక గంట వాన కురిస్తే నగరంలో రోడ్డేదో గుంతేదో కనిపించదు. నీళ్ల కింద మ్యాన్‌హోల్ అంచు ఉంటుంది, తవ్వి సగం పూడ్చిన కేబుల్ గాడి ఉంటుంది. యాభై వేగంతో చక్రం ఆ అంచుకు తగిలినప్పుడు దెబ్బను మింగాల్సింది సైడ్‌వాలే. 120 మిల్లీమీటర్లున్న టైరు నొక్కుకుపోయి తిరిగి లేస్తుంది. 92 ఉన్న టైరులో రబ్బరు పూర్తిగా నలిగి, రిమ్ము అంచుకూ గుంత అంచుకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుంటుంది. అప్పుడు లోపలి దారాలు తెగుతాయి. బయటికి గాలి పోదు, పంక్చరూ కనిపించదు. రెండు రోజుల తర్వాత టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. దానికి ప్యాచు లేదు, రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. దాంతోపాటు రిమ్ము వంగి ఉంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. స్టీలు రిమ్ము వంగితే సుత్తితో, యంత్రంతో సరిచేస్తారు. అలాయ్ ఎక్కువ వంగితే పగులుతుంది. పగులును వెల్డింగ్ చేసి లేత్ మీద నునుపు చేసి కొత్తదానిలా అప్పగించే చోట్లు నగరంలో ఉన్నాయి. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది. లోపలి గోడ మీద వెల్డు గీత ఉన్న రిమ్మును ముందు చక్రానికి వాడటం తెలివైన పని కాదు.

అందుకే ఇక్కడ ఒక పక్షం తీసుకోక తప్పదు. హైదరాబాద్‌లో రోజూ తిరిగే మామూలు కారుకు సురక్షితమైన ‘అప్‌సైజ్’ ఒక్కటే: అదే కారు, అదే తరంలో, టాప్ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజు. దాని కొలత, బరువు, స్టీరింగు ఖాళీ, సస్పెన్షన్ ప్రవర్తన అన్నీ కంపెనీ పరీక్షించి ఉంటుంది. యజమాని మాన్యువల్‌లోనూ ఆ సైజు కనిపిస్తుంది. దాన్ని దాటి వేసే ప్రతి అంగుళానికీ మూల్యం చెల్లించేది పక్కటెముకలు, బేరింగులు, వర్షాకాలపు జేబు. ఒకవేళ బడ్జెట్ ఉందనుకుంటే, పెద్ద రిమ్ముకు పెట్టే డబ్బులో సగం పెట్టి అదే సైజులో మంచి టైరు కొనడం మేలు. బ్రేకు వేసినప్పుడు కారును ఆపేది రిమ్ము కాదు.

వెడల్పు టైరు తడి రోడ్డు మీద గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం కూడా సగమే నిజం. పొడి రోడ్డు మీద సరే. నిలిచిన నీటి మీదికి వేగంగా వెళ్లినప్పుడు, అంతే బరువున్న కారు కింద వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయాలి. తోయలేకపోతే నీటి మీద తేలుతుంది. అక్కడ కాపాడేది గాడుల లోతు. కార్లకు చట్టం చెప్పే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే ఆ హద్దు వచ్చేసినట్టే. గుండయ్యేదాకా ఆగకుండా, జూన్ రాకముందే ఆ దిమ్మెలు చూసుకోవాలి.

ఎవరూ చదవని అంకె

సైజు పక్కనే 88హెచ్ లాంటిది ఇంకొకటి రాసి ఉంటుంది. 88 బరువు సూచిక. ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని అర్థం. 84 అంటే 500, 87 అంటే 545, 91 అంటే 615. హెచ్ గరిష్ఠ వేగానికి గుర్తు, గంటకు 210 కిలోమీటర్లు. టీ అయితే 190, వీ అయితే 240. మన రోడ్ల మీద వేగపు అక్షరం గురించి దిగులు పడక్కర్లేదు, కంపెనీ ఇచ్చినదానికి తగ్గకుండా ఉంటే చాలు. బరువు సూచిక అలా వదిలేసేది కాదు. రిమ్ము పెరిగి రబ్బరు తగ్గేకొద్దీ టైరులో గాలి పట్టే చోటు తగ్గుతుంది, బరువు మోసేది ఆ గాలే. 185/65 ఆర్15కు మామూలుగా 88 ఉంటే, 195/55 ఆర్16కు 87, 205/45 ఆర్17కు 84. షోకు పెరిగింది, మోత తగ్గింది.

నాలుగు టైర్లు 500 చొప్పున రెండు వేల కిలోలు కదా, చిన్న కారు అంత బరువుండదు కదా అనిపించవచ్చు. నిలబడ్డ కారుకు ఆ లెక్క సరే. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రాల మీదికి దూకుతుంది. మలుపులో బయటి చక్రం మీద పడుతుంది. గుంతలో పడ్డ క్షణం సంగతి చెప్పనే అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన సూచికకు తగ్గకూడదన్న నియమం ఈ వెసులుబాటు కోసమే. అదే 205/45 ఆర్17లో ‘ఎక్స్‌ఎల్’ (ఎక్స్‌ట్రా లోడ్) అని ఉన్న రకం 88 సూచికతో దొరుకుతుంది. అయితే దానికి షరతుంది: ఎక్కువ గాలి ఉంటేనే ఆ బరువు మోస్తుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీదున్న గాలి అంకె కంపెనీ సైజులకే వర్తిస్తుంది. సైజు మార్చి పాత అంకెకే గాలి కొట్టిస్తే ఎక్స్‌ఎల్ వేసిన ప్రయోజనం పోయినట్టే. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ బరువు అదనం కాబట్టి ఈ అంకె దగ్గర అసలు రాజీ పడకూడదు.

గాలి మాట వచ్చింది కాబట్టి, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరు పది డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎల్బీనగర్ నుంచి కూకట్‌పల్లి దాకా వచ్చి, బంకులో ఎక్కువుందని తీయించేస్తే మర్నాడు పొద్దున టైరు తక్కువ గాలితో ఉంటుంది. నైట్రోజన్ విషయంలో వాదనలెన్నున్నా, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందన్నది గుర్తుంచుకుంటే చాలు.

హబ్బు దగ్గర అసలు కథ

‘పడ్తది’ అన్న మాట ఎక్కువగా తప్పేది ఇక్కడే. రిమ్ము హబ్బు (ఇరుసు చివర రిమ్మును బిగించే భాగం) మీద కూర్చోవడానికి నాలుగు కొలతలు కలవాలి. షాపులో సాధారణంగా చూసేది ఒక్కటే, పీసీడీ. బోల్టు రంధ్రాల మధ్యగా పోయే వృత్తపు వ్యాసం అది. స్విఫ్ట్, ఐ20, హోండా సిటీ మూడింటికీ 4×100. నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వృత్తం. క్రెటాకు 5×114.3, పోలోకు 5×100. రంధ్రాలు ఐదూ ఐదే అయినా ఒకదాని రిమ్ము ఇంకొకదానికి ఎక్కదు. ఎక్కకపోతే ఇబ్బంది లేదు, అక్కడితో ఆగిపోతారు. ఎక్కీ ఎక్కనట్టు ఉండేదే ప్రమాదం. ఫియట్ పుంటో, లీనియాలకు 4×98. వాటికి 4×100 రిమ్ము పెడితే తేడా రెండే మిల్లీమీటర్లు. పానాతో బలవంతంగా బిగిస్తే బోల్టులు కాస్త వంకరగా పోయి కూర్చుంటాయి. చక్రం ఎక్కినట్టే ఉంటుంది. ప్రతి బోల్టూ వంపులో నలుగుతూ, నెమ్మదిగా వదులవుతూ ఉంటుంది.

రెండోది మధ్య రంధ్రం. ఐ20 హబ్బుకు 54.1 మిల్లీమీటర్లు, హోండా సిటీకి 56.1. కాబట్టి పీసీడీ ఒకటే అయినా ఐ20 రిమ్ము సిటీకి పోనే పోదు. సిటీ రిమ్ము ఐ20కి పోతుంది, కానీ హబ్బు చుట్టూ మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. విడిగా అమ్మే అలాయ్‌లు చాలా కార్లకు పట్టేలా పెద్ద రంధ్రంతో, ఎక్కువగా 67.1 లేదా 73.1తో వస్తాయి. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగులుంటాయి, ప్లాస్టిక్‌వో అల్యూమినియంవో. ఖరీదు కొంచెమే. వీటి గురించి కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చాలాసార్లు చెప్పరు. రింగు లేకపోతే చక్రం కేంద్రంలో కాకుండా నట్లు ఎటు లాగితే అటు కూర్చుంటుంది. ఎనభై, వంద వేగంలో స్టీరింగు వణుకుతుంది. బ్యాలెన్సింగ్ చేయిస్తారు, మిషను మీద చక్రం సున్నా చూపిస్తుంది, కారుకు ఎక్కించగానే మళ్లీ వణుకు. అలైన్‌మెంట్ చేయిస్తారు, పోదు. సస్పెన్షన్ బుష్‌లు మార్చిస్తారు, పోదు. మిషను మీద బాగుండి కారు మీద వణికితే మొదట అనుమానించాల్సింది ఆ రింగునే.

మూడోది ఆఫ్‌సెట్. రిమ్ము వెనకవైపు ‘ఈటీ45’ అని పోతపోసి ఉంటుంది. రిమ్ము వెడల్పు మధ్యగీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం అది. ఒక ఉదాహరణ చూద్దాం. కంపెనీ రిమ్ము 5.5జె (అంటే 5.5 అంగుళాల వెడల్పు), ఈటీ45 అనుకుందాం. వెడల్పు 139.7 మిల్లీమీటర్లు, సగం 69.85. అందులోంచి 45 తీసేస్తే హబ్బు నుంచి బయటికి 24.85, కలిపితే లోపలికి 114.85. ఇప్పుడు షాపులో చూపించిన రిమ్ము 7జె, ఈటీ35. వెడల్పు 177.8, సగం 88.9. బయటికి 53.9, లోపలికి 123.9. అంటే చక్రం బయటికి 29 మిల్లీమీటర్లు జరిగింది, లోపల స్ట్రట్ (సస్పెన్షన్ నిలువు కడ్డీ) వైపు 9 మిల్లీమీటర్లు జరిగింది. కాగితం మీద చిన్న అంకెలే. మూడు సెంటీమీటర్లు బయటికి వచ్చిన చక్రం మడ్‌గార్డు అంచు దాటి నిలబడుతుంది. వాన నీళ్లు, బురద, కంకర కారు తలుపుల మీదికి, వెనక వచ్చే బైకు మీదికి చిమ్ముతుంది. వీల్ బేరింగు మీద లివరులా పనిచేసి దాని ఆయుష్షు తగ్గిస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చోగానే స్పీడ్ బ్రేకర్ దగ్గర టైరు ఫెండరుకు గరగరమని తగులుతుంది. అప్పుడు ఫెండరు లోపలి అంచును సుత్తితో మడిచేస్తామంటారు. అక్కడ పెయింటు పగిలి తుప్పు మొదలవుతుంది. రిమ్ము తప్పుకు కారు బాడీ శిక్ష అనుభవించడమంటే ఇదే!

లోపలివైపు ఖాళీ చూడటానికి ఒక ఇంటి చిట్కా ఉంది. బ్రేక్ క్యాలిపర్ మీదా, స్ట్రట్ మీదా చిన్న పిండి ముద్దలు అంటించి, చక్రం బిగించి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. విప్పి చూస్తే ముద్ద ఎంత మందంగా మిగిలిందో అంతే ఖాళీ. చపాతీ పిండయినా సరే, పనిచేస్తుంది. తర్వాత చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగును రెండువైపులా చివరిదాకా తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, దగ్గర్లోని పెద్ద స్పీడ్ బ్రేకర్ ఒకటి ఎక్కించి దింపాలి. డబ్బు పూర్తిగా చేతికిచ్చే ముందే ఈ పని అయిపోవాలి. అభ్యంతరం చెప్పే షాపులో కొనకపోవడమే మంచిది.

నాలుగోది నట్టు. మారుతికి మరలు 12×1.25 (స్టడ్ మందం 12 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య దూరం 1.25), హ్యుందాయ్, హోండా, టొయోటాలకు 12×1.5. మొదటి రెండు చుట్లు తప్పు నట్టు కూడా తిరిగినట్టే ఉంటుంది, ఆ తర్వాత ఎయిర్ గన్నుతో బాదితే స్టడ్ మరలు తెగిపోతాయి. రిమ్ములో నట్టు కూర్చునే గుంట ఆకారం కూడా కలవాలి. హోండా కంపెనీ రిమ్ములకు గుంట గుండ్రంగా ఉంటుంది. బయట అమ్మే అలాయ్‌లలో ఎక్కువ వాటికి శంఖువు ఆకారం. గుండ్రటి నట్టును శంఖువు గుంటలో బిగిస్తే సన్నటి గీత మీద తప్ప ఆనదు. బిగువు అంకె కారును బట్టి మారుతుంది, చిన్న కార్లలో సుమారు వంద న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కచ్చితమైనది మాన్యువల్‌లో ఉంటుంది. గన్నుతో దగ్గరికి తెచ్చి, చివరి బిగింపు టార్క్ పానాతో చేయించుకోవాలి. కొత్త రిమ్ములతో యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి.

రిమ్ము వెడల్పుకూ టైరుకూ ఉన్న పొంతన కూడా ఇక్కడే చెప్పాలి. 185/65 ఆర్15 టైరుకు 5 నుంచి 6.5 అంగుళాల వెడల్పున్న రిమ్ము సరిపోతుంది. 7 అంగుళాల రిమ్ముకు దాన్ని లాగి ఎక్కించడం కొంత కాలంగా ఫ్యాషన్. రిమ్ము అంచు రబ్బరు కంటే బయటికి పొడుచుకొస్తుంది. ఫుట్‌పాత్ రాయికి మొదట తగిలేది అదే.

కాగితాలు, ముద్రలు

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. టాప్ మోడల్ సైజులోనే ఉంటే ఈ తలనొప్పి లేదు. అది దాటి వెళ్లేవాళ్లు బీమా కంపెనీకి ముందుగా రాసి జవాబు దాచుకోవడం నయం. ప్రమాదం జరిగాక సర్వేయరు మొదట చూసేవాటిలో టైర్లు ఉంటాయి.

టైరు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 15633 అన్న అంకె ఉండాలి. రిమ్ములకూ ఐఎస్ 16192 ప్రమాణం ఉంది. పేరున్న డిజైన్లకు నకళ్లు విస్తారంగా దొరుకుతాయి కాబట్టి, రిమ్ము వెనక మోసే బరువు కిలోల్లో పోతపోసి ఉందో లేదో చూడాలి. అది లేని రిమ్ము ఎంత చవకైనా ఖరీదే. టైరు పుట్టిన తేదీ చిన్న గుళిక ఆకారపు గీతలో నాలుగంకెలుగా ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారం. గోదాములో మూడేళ్లు మూలిగిన టైరును ‘కొత్తది, కవరు కూడా తీయలేదు’ అని ఇస్తే, ఆ నాలుగంకెలు చూపించి ధర తగ్గించమనో వేరేది తెమ్మనో అడగొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే మిగిలేది మునుపటికంటే తగ్గింది, పోయే వారంటీ మాత్రం అంతే ఉంది.

సెకండ్ హ్యాండ్ అంటే ముఖం చిట్లించాల్సిన పనిలేదు, ఒక రకానికి మాత్రం. షోరూం నుంచి టాప్ మోడల్ తెచ్చుకుని వారం తిరక్కుండానే పదిహేడు అంగుళాలకు మారిపోయేవాళ్లు నగరంలో తక్కువేం కాదు. వాళ్లు వదిలేసిన కంపెనీ అలాయ్‌లు, టైర్లు షాపుల్లో ఓ మూల ఉంటాయి. కింది మోడల్ కారున్నవారికి అంతకంటే కచ్చితంగా సరిపోయే చక్రాలు దొరకవు. పీసీడీ, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ అన్నీ కంపెనీవే. బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పించి అంచు ఊగుతోందా చూడటం, లోపలి గోడ మీద వెల్డు గీత కోసం టార్చి వేసి వెతకడం, తేదీ చదవడం, అంతే పని.

రెండే టైర్లు మార్చే స్తోమత ఉన్నప్పుడు కొత్తవి ఎక్కడ వేయాలన్నది షాపుల్లో తెగని పంచాయితీ. ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది, స్టీరింగూ అక్కడే కాబట్టి ముందే వేయాలని చాలామంది వాదన. టైర్ల కంపెనీలు మాత్రం వెనక వేయమంటాయి, వాళ్ల మాటే సరైంది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ చేతికి ఇక చిక్కదు. ఒకే ఇరుసు మీద రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలన్నది మాత్రం ఏ వాదనకూ అందనిది.

చివరగా స్టెప్నీ. కొన్ని కార్లలో అలాయ్‌లున్నా స్టెప్నీ చిన్న స్టీలు రిమ్మే ఉంటుంది, దాని మీద వేగ పరిమితి స్టిక్కరు కూడా ఉంటుంది. 2020 జులైలో వచ్చిన సవరణతో, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీ ఉన్న కార్లలో మర్చిపోయేది ఒకటుంది. నాలుగు చక్రాలకూ కొత్త అలాయ్‌లు, వాటికి తగ్గ కొత్త నట్లు బిగించాక, పాత నట్లను షాపులోనే వదిలేసి వస్తారు. అర్ధరాత్రి శామీర్‌పేట దాటాక పంక్చరైతే డిక్కీలోని స్టీలు రిమ్ముకు ఆ కొత్త నట్లు సరిగా ఆనవు. పాత నట్లను ఓ సంచిలో కట్టి జాకీ పక్కన పెట్టించుకోవాలి.